మూడో దినం పాలు

పాలపొడి డబ్బా మూత తీయగానే వచ్చే ఆ తియ్యటి వాసన నాకు ఇప్పటికీ గిట్టదు. అయినా పొడే కొంటాను, ప్యాకెట్టు పాల మాదిరి విరిగిపోదు కాబట్టి. నిన్న పొద్దున మనవరాలికి ఆ పాలే కలిపి ఇస్తే, అది గ్లాసు పక్కన పెట్టి సెల్‌ఫోన్ నా ముఖం ముందుకు తెచ్చింది. అమెరికా పెద్దాయన, అదే ఆ దేశాన్ని ఏలే ప్రెసిడెంటు, కళ్లు మూసుకుని కూర్చున్నాడు, పాస్టర్లు చుట్టూ నిలబడి ఆయన భుజాల మీద చేతులు వేసి ప్రార్థన చేస్తున్నారు.

"ఏందవ్వా, సర్కారు ఆఫీసులోనే ఇట్ల మొక్కుతారా?" అని అది నోరు తెరిచింది.

దానికి వింత. నేను అట్లాంటి పెద్దాయన కోసం దినామూ కళ్లు మూసుకుని మొక్కిన దాన్ని.

నా చిన్నప్పుడు బెళుగుప్ప దగ్గర మా ఊళ్లో ఒక ఏడు వాన లేక వేరుశనగ ఊడలు మట్టిలోకి దిగకముందే ఎండిపోయింది. గాలి వీస్తే ఎర్రమన్ను లేచి గంజిలో, కళ్లలో, ఆరేసిన గుడ్డల్లో పడేది. చింతపిక్కలు ఆడుకునే వస్తువు కాకుండా పోయాయి. ఆటలో గెలుచుకుని ఒడినిండా తెస్తే, మా అవ్వ వాటిని వేయించి, పొట్టు తీసి, దంచి గంజిలో కలిపేది. దీపావళికి ఓళిగలు వండే మాట ఎత్తిన వాళ్లు లేరు. అవ్వ ఒక్క దీపం ముట్టించి, కాసేపటికి ఆర్పి, మిగిలిన నూనె మళ్లీ సీసాలో వంచుకుంది. అమ్మ నా చెల్లెల్ని కంటూనే పోయింది. ఆ పసిదానికి పాలిచ్చే మేకను మేత లేక నాయన సంతలో అమ్మేశాడు. ఇక దానికి దిక్కు ఊరి చివరి మిషను బంగ్లా ఒకటే.

ఆ బంగ్లాకు అమెరికా నుంచి డబ్బాల్లో పాలపొడి వచ్చేది. డబ్బా మీద రెండు చేతులు కలిపిన బొమ్మ. బంగ్లాలో ఉండే తెల్ల దొరసాని తానే గంగాళంలో పొడి కలిపి, వరసలో నిలబడిన పిల్లలకు ముంతతో పోసేది. పాపం, మా ఇంటి సంగతి తెలిసి నాకు చెల్లెలి వాటా కూడా పోసేది. కానీ పాలకు ముందు ప్రార్థన. ఉపదేశి యోహాను చింతబరికె పట్టుకుని చెప్పించేవాడు: యేసయ్యకు వందనం, అమెరికా పెద్దాయనకు దీర్ఘాయువు. గోడ మీద ఇద్దరి పటాలూ పక్కపక్కనే, ఒకే కొలత, ఒకే చట్రం. మేము వాళ్లను అన్నదమ్ములనుకున్నాం. యేసయ్యను చంపితే మూడో దినం లేచాడని యోహాను చెప్పని రోజు లేదు.

"కండ్లు మూసుకుంటే మూసుకో, పాలు మాత్రం ఒలికీకు," అనేది అవ్వ నన్ను పంపేటప్పుడు.

ఒక పొద్దున పోతే గంగాళం బోర్లించి ఉంది. దొరసాని మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది.

"పెద్దాయనను తుపాకీతో కాల్సి సంపినారు. ఈ మూడు దినాలూ ఉపవాసం. మోకాళ్ల మింద కూసోండి," అన్నాడు యోహాను.

"మా పాపకన్నా పొయ్యప్పా," అన్నాను.

"దానికీ ఉపవాసమే."

గులకరాళ్ల మీద మోకాళ్లు దోక్కుపోయేదాకా మొక్కి, ఖాళీ గ్లాసుతో ఇంటికి వచ్చాను. మా వైపు సావు ఇంట్లో పొయ్యి ముట్టించరు, కానీ ఇరుగుపొరుగు గంజి తెచ్చి ముందు పిల్లలకు పోస్తారు. అవ్వకు ఆ మాటే నోటికి వచ్చింది.

"సావింట్లో గూడ బిడ్లకు గంజి పోస్తారే! యాడనో సముద్రం అవతల సచ్చినోనికి నా మనవరాలు ఎండల్లనా? దినామూ మొక్కితిరి గదే, వానికి దీర్ఘాయువు బాగనే వచ్చినాది!"

"మూడో దినం లేస్తాడు లేవ్వా," అన్నాను.

అవ్వ నవ్వలేదు. "లేస్తే లేసినాడు. గ్లాసు కడిగి పెట్టు," అంది.

నాయన వేలు గంజిలో ముంచి పాప నోట్లో పెడుతుంటే అది చీకడం కూడా మానేసింది. మూడో దినం తెల్లారకముందే నేను నాయన తలగుడ్డలో దాన్ని చుట్టి, చంకనేసుకుని బంగ్లా గేటు దగ్గర కూర్చున్నాను. అది ఏడవడం లేదు, మోయడం సులువుగా ఉందనుకున్నాను.

దొరసాని బయటికి రాగానే లేచి, "లేసినాడామ్మా?" అని అడిగాను.

ఆమెకు అర్థం కాలేదు. యోహాను దొరల భాషలో చెప్పాడు. ఏం చెప్పాడో నాకు తెలియదు. దొరసాని ముఖం ఎర్రబడింది. పాలు పోసే ఆ చేత్తోనే నా చెంప మీద కొట్టి, లోపలికి పోయి తలుపు వేసుకుంది.

"దేవుణ్ణి ఎకసెక్కం చేసే నోటికి పాలు యాలనే?" అని యోహాను గేటు మూశాడు.

మరునాడు డబ్బాలు తెరిచారు. పిల్లలందరికీ పోశారు. నన్ను మాత్రం యోహాను బరికెతో వరసలోంచి బయటికి నెట్టాడు. దొరసాని చూసి, తల వంచుకుని పక్క పిల్లకు పోసింది.

చెల్లెలు ఆ వారం దాటలేదు. నాయన వంక గట్టున గుంత తీసి పూడ్చి వచ్చాడు. నేను గుంత వైపు చూస్తూ ఇంకా వాకిట్లోనే నిలబడి ఉంటే, అవ్వ రెక్క పట్టి లోపలికి లాగింది.

"వాళ్ల పెద్దాయనే లేయలే, ఇది లేస్తాదా? రా, తిను."

పక్కింటి వాళ్లు కుండతో గంజి తెచ్చి ముందు నాకే పోశారు. ఆ ఏడు నేను కడుపు నిండా తాగింది ఆ దినమే.

ఇప్పుడు బంగ్లా లేదు, దాని జాగాలో సోలారు పలకలు పరిచి కంచె వేశారు. వంక గట్టు దున్నేశారు. పాప ఎక్కడుందో చెప్పగలిగిన వాళ్లు నేను తప్ప ఎవరూ లేరు, నాకూ గురుతు చిక్కదు. యోహాను బరికె, దొరసాని ముంత, ఆ రెండు పటాలు ఏమైనాయో తెలియదు.

నిన్న ఫోన్లో వాళ్లు అప్పటికీ కళ్లు తెరవలేదు. మనవరాలు చూపు తిప్పడం లేదు. పాల మీద మీగడ ముడతలు పడుతోంది. ఫోన్ లాక్కుని బోర్లా పెట్టి, గ్లాసు దాని చేతిలో పెట్టాను.

"వాళ్లు మొక్కుకుంటే మొక్కుకోనీ. పాలు సల్లారిపోతాండాయి, తాగు."

అడుగు కనబడేదాకా తాగించి, గ్లాసు కడిగి పెట్టాను.