నోటుకు గొంగడి వాసన

మొన్న వికారాబాద్ నుంచి తాండూరు పోయే బస్సులో, పక్కన కూర్చున్న ముసలాయన తడి గొంగడి వాసన తగిలింది. ఇక కుదురుగా కూర్చోలేకపోయాను.

ఐదో తరగతిలో పరుగుపందెం గెలిస్తే, సారు కవరులో వంద నోటు పెట్టి ఇచ్చాడు. ఇంట్లో సంచిలో దాచాను గానీ మనసు నిలవలేదు. సాయంత్రం తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే గొంగడి వాసన! గొర్రెలను తోలుకొని నాయిన అప్పటికే ఇంటికి వచ్చి ఉన్నాడు.

“నా పైసలు ముట్టినవా నాయినా?” అని అరిచాను.

“జరంత పట్టుకొని చూసిన బిడ్డా,” అన్నాడు గొంగడి దులుపుకుంటూ.

రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఎన్నో ఏళ్లకు సారు చెప్పాడు. ఎవరు గెలుస్తారో తెలియకముందే, ఆ పందేనికి బహుమతి పైసలిచ్చింది మా నాయినేనట.

ఆయన అబద్ధం చెప్పలేదు. పట్టుకొని చూసే ఉంటాడు, ఇచ్చేముందు.