సీసానే చూసిన మనిషి

ఆబిడ్స్‌లో బస్సెక్కినప్పటి నుంచి నా చేతిలోని సీసానే చూస్తున్న ముసలాయన నాంపల్లి స్టేషన్‌లోనూ నా పక్కకే వచ్చి కూర్చున్నాడు. బ్యాగు ఒళ్ళోకి లాక్కున్నాను.

"గా సీసల ఏముంది బిడ్డా?"

"రంగు పొడి."

"రంగు పొడిని గంత పదిలంగ పట్టుకుంటరా?"

పీడ వదులుతుందని నిజం చెప్పేశాను. అది నా రీసెర్చ్, ఆక్సైడ్ పొడి మీద పల్లాడియం లోహం. ఆ లోహం ఒక రసాయనానికి హైడ్రోజన్‌ను సగం దాకా కలిపి ఆగాలి. వేడికి లోహం ముద్దలు కట్టి, ఆగకుండా మొత్తం కలిపేస్తోంది. ఏడాదిగా లోహాన్నే మార్చి చూస్తున్నాను.

ఆయన మసి వేళ్ళు చూపించాడు. "నేను గిన్నెలకు కళాయి వేసెటోన్ని. తగరం పట్టక గుండ్లు కడ్తే తగరం మారుస్తమా? గిన్నెనే నవసాగరం ఉప్పుతోని మల్ల తోముతం."

మాటల్లో పెట్టి ఏం కాజేస్తాడోనని బ్యాగు ఇంకా దగ్గరకు లాక్కున్నాను. ఆయన రైలెక్కాక జిప్పులన్నీ తీసి చూసుకున్నాను. అన్నీ ఉన్నాయి.

మర్నాడు ల్యాబ్‌లో ఆయన గిన్నె మాట గుర్తొచ్చి, లోహాన్ని మార్చలేదు. ముందు ఆక్సైడ్ పొడినే హైడ్రోజన్‌లో కాల్చి, ఆ తర్వాత లోహం ఎక్కించాను. ముద్దలు కట్టలేదు. హైడ్రోజన్ సగం దగ్గరే ఆగింది.

మా పేపర్ చివర కృతజ్ఞతల్లో చాలా పేర్లున్నాయి. ఆయన పేరు లేదు. అడగాల్సినప్పుడు నేను బ్యాగు పట్టుకుని కూర్చున్నాను.