కింది మనిషి

అద్దాలు తుడిచేవాడికి ఆకాశం కొత్తేమిటని మీరు అడగవచ్చు. ఆయన భార్యా అదే అడిగింది. కాకపోతే అంత మర్యాదగా అడగలేదు.

"బుద్ధుందా నీకు? పొద్దున లేస్తే నువ్వు వేలాడేది ఆకాశంలోనే కదయ్యా! అది చాలక విమానమెక్కి అందులోంచి దూకుతావా?" అని ఒంటికాలి మీద లేచింది.

ఆయన పని ఎత్తైన భవనాల బయటివైపు తాడు మీద దిగుతూ అద్దాలు కడగడం. పెళ్ళికి ముందునుంచీ అదే పని. ఆవిడ తమ్ముడు కూడా ఆయనతోనే పనిచేస్తాడు, కానీ పైన కాదు, కింద. 'వేలాడే బావ' అని పేరు పెట్టింది ఆ మహానుభావుడే. ఆ పేరు వీధంతా పాకిపోయి, చివరికి పాలు పోసేవాడు కూడా "వేలాడే బావగారున్నారా?" అని తలుపు కొట్టే దాకా వచ్చింది.

తమ్ముడు చేసే పనిని వాళ్ళలో 'కింది మనిషి' అంటారు. తాడు మీద ఉన్నవాడికి కింద ఒక మనిషి తప్పనిసరి. దారిన పోయేవాళ్ళని అటు రానివ్వకూడదు. మెడ పట్టేసినా సరే పైకే చూస్తూ ఉండాలి. పైనున్నవాడు గోడ అంచు దాటి ఖాళీలోకి కాలు పెట్టే ముందు "ఉన్నావా?" అని కేకేస్తాడు. కిందనుంచి "ఉన్నా!" అని వినిపిస్తేనే చెయ్యి వదులుతాడు. వినిపించకపోతే మేనేజరు వచ్చి మొత్తుకున్నా కదలడు. ఈ మాట ఆయన ఒంట్లో ఎంతగా ఇంకిపోయిందంటే, ఇంట్లో స్టూలెక్కి బల్బు మార్చేటప్పుడు కూడా "ఉన్నావా?" అంటాడు. "లేకేం, ఎక్కడికి పోతాను! ముందు బల్బు పెట్టి దిగు" అని ఆవిడ వంటగదిలోంచి అరుస్తుంది.

అలా ఇంట్లో అరిచే ఆవిడ, ఆయన పని జరిగే చోట మాత్రం ఒక్కనాడూ తలెత్తి చూడలేదు. ఆవిడ ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతుంది. ఆయన వేలాడుతున్న భవనం ముందునుంచి వెళ్ళాల్సి వచ్చినప్పుడల్లా సంచీలో ఏదో పోయినట్టు వెతుక్కుంటూ, తల దించుకుని, గబగబా దాటిపోయేది. పైకి చూస్తే ఆయన పడిపోతాడని కాదు. చూస్తే తన కాళ్ళు అక్కడే చచ్చుబడిపోతాయని, ఇక ఎప్పటికీ ఆయన్ని పనికి పంపలేనని భయం.

అలాంటి మనిషి దగ్గరికొచ్చి ఆయన దూకుతానన్నాడు. దానికో కారణముంది. ఆయన మోకాళ్ళు ఇదివరకటిలా లేవని, వచ్చే ఏడాదినుంచి తాడు మీద దిగక్కర్లేదని, పైకప్పు మీద నిలబడి ముడులు సరిచూస్తే చాలని కంపెనీవాళ్ళు చెప్పారు. ఆవిడ ఆ సంగతి విని ఎగిరి గంతేసింది. ఆయన మాత్రం ఆ రాత్రి కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతూ ఉండిపోయాడు.

"ఇన్నేళ్ళూ ఆకాశం నా వీపు వెనకే ఉందే" అన్నాడు చివరికి. "నా మొహమెప్పుడూ గోడకే. మబ్బులొచ్చినా పిట్టలొచ్చినా అద్దంలో చూడటమే. తాడు మీద వెనక్కి తిరగకూడదు కదా. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, గాల్లో ఉండగానే, మధ్యలో అద్దం లేకుండా ఎదురుగా చూడాలని ఉంది. ఇక పైకప్పెక్కి కూర్చుంటే అది నాకు కుదరదు."

కూరలో ఉప్పు మరిచిపోయినా నోరెత్తని మనిషి ఆయన. అంత పొడుగు మాట ఆయన నోట రావడం ఆవిడ ఎప్పుడూ వినలేదు. కోపమంతా ఎక్కడికో పోయింది. కంచాలు తీస్తూ, "సరే. దూకేది నువ్వు. ఎక్కడ నేర్చుకోవాలో తేల్చేది నేను. ఒప్పుకుంటావా?" అంది.

ఆయన ఒప్పుకున్నాడు. ఒప్పుకోక చస్తాడా!

మొదట వెళ్ళిన చోటు చూస్తే కళ్ళు తిరిగాయి. గోడలన్నీ అద్దాలే. కూర్చుంటే మునిగిపోయే సోఫాలు. గోడంత టీవీలో జనం ఆకాశంలో తలకిందులుగా నవ్వుతున్నారు. జుట్టు నున్నగా దువ్వుకున్న కుర్రాడొకడు వచ్చి, "మీరేం నేర్చుకోనక్కర్లేదు సార్! మిమ్మల్ని మా వాడికి కట్టేస్తాం, వాడే దూకుతాడు, వాడే దించుతాడు. మీరు కెమెరా చూసి నవ్వండి, చాలు" అన్నాడు. ఈయన ఆ మాటలు వింటున్నాడో లేదో గానీ, చూపంతా కిటికీ మీదే ఉంది. "మూలల్లో సబ్బు మరకలు వదిలేశారే" అని భార్య చెవిలో గొణిగాడు.

ఆవిడ ఇంటినుంచి తెచ్చుకున్నది ఒకటే ప్రశ్న. "బాబూ, అంతా అయ్యాక, తలుపు దగ్గరికెళ్ళాక, ఈయన దూకనంటే ఏం చేస్తారు?"

"ఆ ప్రశ్నే రాదు మేడం! మేం ఒప్పిస్తాం కదా."

"ఎలా ఒప్పిస్తారు?"

కుర్రాడు నవ్వి, కూల్ డ్రింక్ తాగుతారా అని అడిగాడు. ఆవిడ లేచింది.

రెండో చోట ఇంత లావు మీసాలాయన ఉన్నాడు. ఆయన మామూలుగా మాట్లాడినా కిటికీ రెక్కలు అదిరాయి. అదే ప్రశ్న అడిగితే, "దూకననడమా! నా దగ్గర ఆ పప్పులుడకవమ్మా! వీపు మీద ఒక్క తోపు తోశానంటే సరి, ఆ తర్వాత కిందికొచ్చి నా కాళ్ళు పట్టుకుని థాంక్స్ చెబుతారు" అని పడీపడీ నవ్వాడు. మొహమాటానికి ఈయన కూడా నవ్వాడు. ఆవిడ మొగుడి చెయ్యి పట్టుకుని బరబరా బయటికి లాక్కొచ్చింది.

"సరదాకి అన్నాడ్లేవే" అన్నాడాయన బస్సులో.

"నిన్ను తోసేవాడి చేతిలో పెట్టడానికేనా నేను ఇన్నేళ్ళు తల దించుకుని తిరిగింది?" అంది ఆవిడ. బస్సులో నలుగురూ తిరిగి చూశారు. ఆయన కిటికీ వైపు మొహం తిప్పేసుకున్నాడు.

మూడో చోటు బస్సు ఆఖరి స్టాపు దాటి ఇంకా నడవాలి. సోఫా లేదు, టీవీ లేదు. పెద్ద గడ్డి మైదానం, ఓ రేకుల షెడ్డు, రంగు వెలిసిన చిన్న విమానం. ఎండకి ముక్కు కమిలిపోయిన ఒక టీచరమ్మ డబ్బాలో అన్నం తింటోంది. వీళ్ళని చూసి, "రండి, రండి. మీరు లోపల చూస్తూ ఉండండి, ఈ రెండు ముద్దలూ తినేసి వస్తా" అంది.

లోపల పొడుగాటి బల్ల మీద ఒకతను పారాచూట్ మడతపెడుతున్నాడు. అరచేతులు అరిగేలా దుప్పట్లు మడతపెట్టిన మనిషి, ఆ గుడ్డని చూసి నోరు వెళ్ళబెట్టింది. పరిస్తే వాళ్ళ ఇల్లంతా నిండిపోయేలా ఉంది. తలుపులోంచి కాస్త గాలి తగిలితే చాలు, ప్రాణమున్నట్టు లేస్తోంది. అంత గుడ్డనీ అతను మోకాలితో నొక్కి, మడత మీద మడత వేసి, బడిపిల్లల సంచంత దాంట్లో పట్టించేశాడు. "అమ్మమ్మా! ఇంత మనిషిని ఈ గుడ్డ మోస్తుందా!" అంది పైకే. ముట్టుకోవచ్చా అని అడిగి ముట్టుకుంది. తర్వాత ఆ వేళ్ళని చాలాసేపు దేనికీ తగలనివ్వలేదు.

టీచరమ్మ వచ్చి అంతా విప్పి చెప్పింది. ముందు నేల మీదే పాఠాలు. కొత్తవాళ్ళ పారాచూట్‌కి ఒక పట్టీ ఉంటుంది, దాని రెండో కొసని విమానంలో కొక్కేనికి తగిలిస్తారు. మనిషి దూకగానే ఆ పట్టీయే గుడ్డని లాగి తెరిచేస్తుంది. కొక్కెమన్న మాట వినగానే ఈయన నిటారుగా కూర్చున్నాడు. తలకి పెట్టుకునే టోపీలో రేడియో ఉంటుంది, ఎటు తిరగాలో కిందనుంచి తను చెబుతూ ఉంటుంది. పైనున్నవాళ్ళు వినడమే గానీ తిరిగి మాట్లాడటానికుండదు.

"మరి చివర్లో దూకనంటే?" అంది ఆవిడ.

టీచరమ్మ నవ్వలేదు. "విమానంలోనే దిగొస్తారు. టీ తాగుతాం. మళ్ళీ వెళ్ళాలనిపిస్తే వెళ్తారు, లేకపోతే ఇంటికెళ్తారు. నేను మొదటిసారి దూకలేదమ్మా, దిగొచ్చేశాను."

"ఈయన్ని చేర్చుకోండి" అంది ఆవిడ వెంటనే. మొగుడి వైపు కూడా చూడలేదు.

పాఠాలు మొదలయ్యాయి. నేల తగలగానే ఒళ్ళు ముడుచుకుని దొర్లడం నేర్పారు. దాన్ని ఆయన ఇంట్లో మంచం మీంచి సాధన చేస్తే, కింది వాటావాళ్ళు పరిగెత్తుకొచ్చి, మొగుడూ పెళ్ళాలు కొట్టుకుంటున్నారేమోనని తలుపు బాదారు. చెక్కలతో చేసిన ఉత్తుత్తి విమానం తలుపులోంచి దూకడంలో అయితే ఆయన్ని మించినవాడు లేడు. ఎత్తంటే జంకు లేదు కదా!

అసలు రోజు వచ్చింది. తమ్ముడికి డ్యూటీ పడింది. ఆవిడ ఒక్కతే మైదానంలో నిలబడి, విమానం లేచిన చప్పుడు విని, గడ్డిలో పాకుతున్న చీమల్ని చూడటం మొదలుపెట్టింది. "అదిగో ఒకరు! అదిగో ఇంకొకరు!" అని పక్కవాళ్ళు అరుస్తున్నా తల ఎత్తలేదు. దిగినవాళ్ళు నడిచొస్తుంటే బూట్లు చూసింది. ఆయన బూట్లు రాలేదు. అంతలో విమానం దిగింది. వీపు మీద విప్పని సంచితో ఆయన దిగాడు.

టీచరమ్మ అన్న మాట నిలబెట్టుకుంది. ఎందుకు, ఏమిటి అని ఎవరూ అడగలేదు. టీ ఇచ్చి పక్కకెళ్ళిపోయింది. ఆయన గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు, తాగలేదు.

"భయమేం లేదే" అన్నాడు. "కాలు కూడా బయట పెట్టాను. అంతలో నోరు దానంతటదే 'ఉన్నావా?' అంది. ఎవరూ పలకలేదు. ఇక చెయ్యి ఊడిరాలేదు. మాతో విమానంలో వచ్చిన టీచరు లోపలికి రమ్మన్నా, నేను తిట్టుకున్నా, చెయ్యి నా మాట వినలేదు. పోనీలే, పద ఇంటికి. నాకింతే రాసుంది."

ఆవిడ కోరుకున్నది ఇదే. విమానం కిందికి దిగాలి, ఆయన నడిచి రావాలి, ఇద్దరూ బస్సెక్కాలి. తీరా ఆ కోరిక తీరి ఎదురుగా కూర్చుంటే, ఆ మొహం చూడలేకపోయింది.

"నువ్వు పిలిస్తే నేను పలకనా?" అంది.

"నువ్వు చూడవుగా. కింది మనిషన్నాక పైకి చూడాలి."

"నేను చూడనని నీకెవరు చెప్పారు? ఆ తమ్ముడు వెధవేనా?"

"అద్దంలో కనిపిస్తావే" అన్నాడాయన. నిష్ఠూరమేమీ లేదు ఆ గొంతులో. "కింద రోడ్డంతా అద్దంలో కనిపిస్తుంది. నువ్వు రావడం, సంచీలో వెతుక్కోవడం, తల దించుకుని వెళ్ళిపోవడం. మన పెళ్ళైన దగ్గర్నుంచీ చూస్తూనే ఉన్నా."

ఇన్నేళ్ళూ ఆవిడ తన భయాన్ని ఎంతో గుట్టుగా దాచుకున్నాననుకుంది. ఆయన చూసి కూడా ఒక్క మాట అనలేదు. ఏడుపు, కోపం కలిసి ముంచుకొచ్చాయి. ముక్కు తుడుచుకుని, తిన్నగా టీచరమ్మ దగ్గరికెళ్ళి, "ఆ రేడియో నాకోసారి ఇస్తారా అమ్మా? ఒక్క మాట చెప్పి ఇచ్చేస్తా" అంది. సంగతంతా విని టీచరమ్మ రేడియో చేతిలో పెట్టింది.

"ఎప్పుడు చెప్పాలో నాకెలా తెలుస్తుంది?"

"పైకి చూడాలమ్మా. విమానం మన నెత్తి మీదికొచ్చి చప్పుడు తగ్గిస్తుంది. తలుపులో ఈయన నిలబడతాడు. అప్పుడు."

ఆయన టీ గటగటా తాగేసి మళ్ళీ విమానమెక్కాడు.

ఆవిడ తల ఎత్తింది. మెడ మొదట వంగనంది. తర్వాత ఆకాశం ఒక్కసారిగా మీదికొచ్చి పడింది. అబ్బా, ఎంతుందో! ఎటు చూసినా అంచు లేదు. ఇంత పెద్దది రోజూ నెత్తి మీద ఉంటే, తను సంచీలో ఏం వెతుక్కుంది? ఇందులోనా ఆయన పొద్దస్తమానం ఉండేది? కాళ్ళు చచ్చుబడలేదు. చూసేకొద్దీ ఇంకా చూడాలనిపించింది. విమానం పిట్టంతైంది, నెత్తి మీదికొచ్చింది, చప్పుడు మందగించింది. దాని పక్కన నలకంత మనిషి.

"ఉన్నా!" అని అరిచింది ఆవిడ. రేడియో అక్కర్లేనంత గట్టిగా అరిచింది. మైదానమంతా తిరిగి చూసింది. "ఉన్నానయ్యా! చూస్తున్నా!"

నలక విమానాన్ని వదిలేసింది. వెంటనే దాని మీద ఆ గుడ్డ విచ్చుకుంది. అంతా సద్దుమణిగి, ఆయన నింపాదిగా గాలిలో నిలబడి ఉన్నాడు. చుట్టూ గోడ లేదు, అద్దం లేదు. ఆవిడ నోరు తెరుచుకుని చూస్తూనే ఉంది. దారి చెప్పడానికి టీచరమ్మ ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటే విప్పి రేడియో తీసుకోవాల్సి వచ్చింది.

ఆయన దిగి, దొర్లి, వెల్లకిలా పడి, మరి లేవలేదు. ఆవిడ పరిగెత్తుకెళ్ళింది. "దెబ్బ తగిలిందా? ఏమయ్యా, మాట్లాడవేం?"

ఆయన కళ్ళనిండా నీళ్ళు. చూపు పైనే ఉంది. "అద్దంలో సగం కూడా రాదే" అన్నాడు. "సగం కూడా రాదు."

మర్నాడు పనికి వెళ్తూ ఆవిడ ఆ భవనం ముందు ఆగింది. సంచీ చంకలో పెట్టుకుని, తల పూర్తిగా వెనక్కి వాల్చి పైకి చూసింది. ఎక్కడో పైన, తాడు మీద, బకెట్‌తో సహా ఆయన.

"ఉన్నా!" అని కేకేసింది.

పక్కనే ఉన్న తమ్ముడు ఉలిక్కిపడ్డాడు. "అక్కా! ఆయనిప్పుడు అడగనే లేదు! నా ఉద్యోగం ఊడగొడతావా ఏంటి?"

పైన ఆయన వెనక్కి తిరగలేదు. తాడు మీద తిరగకూడదు. అద్దం తుడుస్తున్న చెయ్యి మాత్రం చాలాసేపు కదలకుండా ఆగిపోయింది.