కుట్టు పడని ఆపరేషన్

కంటికి కుట్టు పడలేదని మా గల్లీలో ఎవరూ దాన్ని ఆపరేషన్‌గా లెక్కచేయలేదు. సూరత్‌లో, పాండేసర దగ్గరి మరమగ్గాల షెడ్డులో దిగిన చీర బట్టను పరిచి తెగిన పోగు పట్టుకోవడం మా ఆయన పని. ఎడమ కన్ను చిన్నప్పటి నుంచీ మసకే. చూపున్న ఆ ఒక్క కుడి కంట్లో వెనకపొర ఊడింది. సూది దూరేంత రంధ్రాలు చేసి, పొరను సర్ది, లోపల గ్యాస్ నింపారు. ఆ బుడగ పైకి తేలి పొరను వెనక గోడకు అదిమి పట్టాలి కాబట్టి ముఖం ఎప్పుడూ నేలకే ఉండాలన్నారు డాక్టర్. తిన్నా తాగినా తల వంచే.

పరామర్శలు మొదలయ్యాయి. మా వాళ్లకు రోగిని చూడడమంటే రోగి తమను చూడడమే. అరటిపళ్లు పట్టుకొచ్చాక ఆ మనిషి లేచి కూర్చుని రెండు మాటలు మాట్లాడకపోతే వాళ్లు వచ్చినట్టే కాదు. అందరినీ గుమ్మంలోనే ఆపాను గాని, మా ఆడబిడ్డ భర్తను ఆపలేకపోయాను. మా ఆయన్ని ఊరి నుంచి తెచ్చి పనిలో పెట్టింది ఆయనే. ఆ పెద్దరికం ఇన్నేళ్లుగా మా ఇంట్లో టీ తాగుతూనే ఉంది.

“గిదేం పడుకునుడురా, శవం లెక్క? నాకు కంట్ల శుక్లం, గదే మోతియా, తీసిన్నాడు పొద్దుమీకి టీవీ సూసిన. లే, జర ముఖం సూపియ్యి.”

“అన్నా, డాక్టర్ లేవొద్దన్నడు,” అన్నాను.

“కుట్టే లేదు, ఏమైతది?”

మా ఆయన లేచాడు. బావ ముందు బోర్లా పడుకోవడం మర్యాద కాదట! తలెత్తుకుని టీ తాగాడు, మగ్గాల కబుర్లన్నీ విన్నాడు. ఆయన వచ్చిన ప్రతి సాయంత్రం ఇదే తంతు. నాకు ఆ ఇద్దరి మీదా ఒకటే అసహ్యం.

పొర మళ్లీ ఊడింది. “తల వంచే ఉంచారా?” అని డాక్టర్ అడిగితే “ఉంచిన సార్” అన్నాడు ఈ మర్యాదస్తుడు. రెండోసారి కోసి, ఈసారి గ్యాస్‌కు బదులు సిలికాన్ నూనె నింపారు, మళ్లీ ముఖం నేలకే అన్నారు. మళ్లీ బావ వచ్చి “లేరా” అనగానే, లేవబోతున్న మా ఆయన వీపు మీద చెయ్యేసి అదిమాను.

“మాట్లాడేదుంటే కింద కూసొని మాట్లాడన్నా. నీ ముఖం సూసేతందుకు కోయించుకోలే కన్ను.”

ఆయన తెచ్చిన పళ్లు కూడా పట్టుకుని వెళ్లిపోయాడు.

ఈసారి పొర అతుక్కుంది. ఆపరేషన్ సక్సెస్ అన్నారు డాక్టర్, అది అబద్ధమేమీ కాదు. తనే దగ్గరుండి చేయించానని బావ గల్లీ అంతా చెప్పుకుంటున్నాడు. పక్కనే నిలబడి మా ఆయన తల ఊపుతున్నాడు. ఆ కంటికి ఇప్పుడు బావ ముఖం బాగానే కనిపిస్తుంది. తెగిన పోగు కనిపించదు.