రొళ్ల ముద్ర కోసం ధర్మవరం దాకా

రొళ్ల తపాలా ముద్ర నా దగ్గర లేదు. హిందూపురం చుట్టుపక్కల పల్లెల నుంచి వెళ్లిన పాత కవర్లను మూడేళ్లుగా పోగుచేస్తున్నాను. అగళి దొరికింది, మడకశిర దొరికింది. ఆల్బమ్‌లో రొళ్ల పేజీ మాత్రం ఖాళీ. ఆ ముద్ర ఉన్న జాబులు ధర్మవరంలో ఒకావిడకు తాను పంచేవాడినని పెనుకొండలో ఉంటున్న రిటైరైన పోస్ట్‌మ్యాన్ తాత ఫోన్‌లో చెప్పాడు. ఫోన్‌లో మాట్లాడటమే నాకు కష్టం. అయినా ఆదివారం వస్తానని చెప్పేశాను.

ఉదయం ఏడుంబావుకు హిందూపురంలో ప్యాసింజర్ ఎక్కాను. ఎదుటి సీట్లో చింతపండు మూటతో ఒకామె.

“యాడికి పోతాండావు పాపా, ఒక్కదానివే?”

“పాత ఉత్తరాల కవర్ల కోసం.”

“లోపల ఏమన్నా ఉంటాదా?”

“లేకపోయినా ఫర్వాలేదు.”

“వట్టి కవర్లకు రైలు చార్జీనా! మా ఇంట్లో కరెంటు బిల్లులు బస్తాడుండాయి, వచ్చి ఎత్తకపో.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వి, డైరీలో తల దూర్చాను.

ఎనిమిదికి పెనుకొండ. స్టేషన్ బయట ఇడ్లీ తిని, ఆటోలో కొండ కింది వీధికి వెళ్లాను. తాత నాకోసం స్టీలు పళ్లెం నిండా స్టాంపులు సిద్ధంగా పెట్టాడు.

“రెండు దినాలు కూచ్చోని కత్తిరించినా తల్లీ. ఒక్కటన్నా చిరిగిందేమో చూడు.”

“కవర్లేమైనాయి తాతా?”

“అవెందుకు? నీళ్లు కాంచేదానికి పొయ్యిలో వేస్తిమి.”

ముద్ర సగం స్టాంపు మీద, సగం కవరు మీద పడుతుంది. కత్తెర వేస్తే ఏ ఊరి జాబో, ఏ తేదీదో మరి తెలియదు. ఆ మాట ఆయనకు చెప్పలేక, చాలా బాగున్నాయని పొట్లం కట్టుకున్నాను. ఆయన ధర్మవరంలోని ఇంటి గుర్తులు చెప్పాడు.

“ఆయమ్మకు సదువు రాదు. మొగుడు రాసిన జాబులన్నీ నేనే సదివి చెప్తాంటి. తీగకు గుచ్చి పెట్టుకోనుండాది. నేనూ వచ్చేదా, కత్తిరించి ఇస్తాను?”

“వద్దు తాతా!” నేను అంత గట్టిగా అరవడం నాకే కొత్త.

పదిన్నర రైలెక్కితే పదకొండున్నరకు ధర్మవరం. స్టేషన్ నుంచి ఆటో ముప్పై రూపాయలు. వీధి పొడుగునా మగ్గాల చప్పుడు. అవ్వ గడప దగ్గరే కూర్చుని ఉంది. పెనుకొండ తాత సంగతి, వచ్చిన పని గబగబా చెప్పేశాను.

“పోస్టాయన పంపినాడా? ఇంగా ఉండాడా ఆయప్ప! రా, కూకో.”

దూలానికి ఇనుప తీగ వేలాడుతోంది. కింద చెక్కబిళ్ల, దాని మీద జానెడు ఎత్తున జాబులు. మడిచినవి మడిచినట్టే నడుమ పొడిచి ఎక్కించారు. దించి ఒక్కొక్కటే తీశాను. కవర్లే ఎక్కువ, అన్నిటి మీదా హిందూపురం ముద్రే. నీలం ఇన్‌లాండ్ లెటరు మాత్రం ఒక్కటే. దాని మూలన, గుండ్రంగా, అక్షరం చెదరకుండా, రొళ్ల. వెనక ధర్మవరం ముద్ర, రెండు రోజుల తర్వాతి తేదీతో. ఏ యంత్రమూ లేకుండా ఎవరో చేత్తో కొట్టిన ఆ నల్లటి గుండ్రం యాభై ఏళ్లకు పైగా పొగలో వేలాడి కూడా మాసిపోలేదు. ముట్టుకోవడానికి భయమేసింది.

“కావాల్నంటే తీస్కపో తల్లీ. నాకేమన్నా సదవనొస్తాదా?” అంది అవ్వ. “పొయ్యేముందు ఒగసారి సదివి పో.”

పదిమందిలో ఎప్పుడూ పైకి చదవని దాన్ని. ఇంట్లో మగ్గాల మీదున్న కుర్రాళ్లు చెయ్యి ఆపి చూస్తుండగా మొదలుపెట్టాను. అవ్వ భర్త పట్టుగూళ్ల బేరానికి రొళ్ల వెళ్లి రాసిన జాబు. ‘ఇక్కడ వాన. మగ్గం మీద...’ దగ్గర తీగ చిల్లు పడి మాట పోయింది. ఆగాను.

“చీకట్లో,” అంది అవ్వ.

‘కూర్చోవద్దు. కళ్లు పాడవుతాయి. నీకు...’ మళ్లీ చిల్లు.

“మెట్టెలు! తెచ్చినాడులే. ఒగటి పెద్దది, ఒగటి చిన్నది. ఆ మనిషికి నా కాలు యాడ తెలుసు?”

మూడో చిల్లు దాకా నన్ను రానివ్వనే లేదు. చివరి రెండు వాక్యాలూ తానే చెప్పేసింది. ఒక్క మాటా తప్పు పోలేదు.

“ఇంగోసారి సదువు,” అంది. ఇంకోసారి చదివాను. ఆ తర్వాత మరోసారి.

మామూలు కవరైతే జాబు ఆమెకు ఇచ్చి కవరు నేను తీసుకోవచ్చు. ఇన్‌లాండ్‌లో రెండూ ఒకే కాగితం. ముద్రను డైరీలో పెన్సిల్‌తో గీసుకుని, కాగితాన్ని పాత మడతల మీదే మడిచి, ఉన్న చిల్లులోంచే తీగకు ఎక్కించాను.

“ఏం, వద్దా?”

“ఇక్కడే ఉండనీ అవ్వా.”

అవ్వ బలవంతం చేయలేదు. నాలుగు కవర్లలోంచి జాబులు తీసుకుని, ఖాళీ కవర్లు నా చేతిలో పెట్టింది. “సదివేటోళ్లు ఎవరన్నా ఉంటే పంపీ. ఈ పిల్లోళ్లకు తీరికలేదు,” అంది మగ్గాల వైపు చూస్తూ.

సాయంత్రం నాలుగున్నర రైలుకు తిరుగు ప్రయాణం. ఆ జాబు వచ్చిన దారే, ఎదురుదిక్కుకు. కవరు ఎక్కడ బయల్దేరిందో, ఎన్నాళ్లకు చేరిందో ముద్రలు చూసి చెప్పగలను. ఆమె దగ్గర ఆ జాబు ఇన్నేళ్లు ఎలా నిలిచిందో చెప్పే ముద్ర మాత్రం ఏ పోస్టాఫీసులోనూ లేదు. ఆల్బమ్‌లో రొళ్ల పేజీ ఇంకా ఖాళీ. ఆ ముద్రను చూడాలనుకున్నవాళ్లు ధర్మవరం వెళ్లవచ్చు. ఆదివారమైనా, ఏ రోజైనా అవ్వ ఇంట్లోనే ఉంటుంది. పైకి చదవడం వస్తే చాలు.