అమ్మ చేతులు పడని ఆల్బమ్

మా అక్క పెళ్ళికి ముహూర్తం పెట్టింది పంతులు కాదు, ఫొటోగ్రాఫరు. రాత్రి లగ్నమైతే ఫ్లాషు వెలుగుకి మొహాలు సున్నం కొట్టినట్టు పడతాయన్నాడు. అంతే, పంతులు చెప్పిన లగ్నాన్ని తోసేసి అక్క పగటి ముహూర్తం వెతికించింది. పందిరికి ఆకుపచ్చ గుడ్డ వద్దంది, దాని నీడకి మొహాలు పచ్చబడతాయట. నాన్న అన్నిటికీ తలూపాడు. ఆయన తల ఉన్నదే అందుకు.

రోగం టెక్కలిలో అంటుకుంది. అక్కడ మా పెదనాన్న కూతురి పెళ్ళి ఆల్బమ్ చూసొచ్చిన దగ్గర్నుంచి అక్కకి తిండి సయించలేదు. ఆ ఆల్బమ్ అట్ట మీద మనుషుల మొహాలు లేవు. పళ్ళెంలో పెళ్ళికొడుకు కాళ్ళు, వాటి మీద చెంబుతో నీళ్ళు పోస్తున్న పెద్దమ్మ చేతులు, ఎర్రగా పండిన గోరింటాకు, నిండా గాజులు. తన ఆల్బమ్‌కీ అదే అట్ట కావాలంది అక్క.

చిక్కల్లా అమ్మ చేతులతోనే. మా పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళ చేతులు చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. పిక్కలోంచి చిమ్మే జిడ్డు చర్మాన్ని కాల్చి నల్లగా పట్టేస్తుంది. బూడిద రాసుకుని కూర్చున్నా వేళ్ళ సందుల్లోకి దిగుతుంది. అక్క టెక్కలిలో డిగ్రీ చదివింది ఆ చేతుల కష్టం మీదే.

పెళ్ళికి రెండు నెలల ముందే అమ్మని పని మానెయ్యమంది. అమ్మ మానేసింది. చింతపండుతో తోముకుంది, నిమ్మచెక్కతో రుద్దుకుంది, కొబ్బరినూనె పట్టించింది. నలుపు కొంత తగ్గింది కానీ గోళ్ళ చుట్టూ, పగుళ్ళలోనూ ఉండిపోయింది. పెళ్ళి వారంలోకి వచ్చాక అక్క అమ్మని ఎండలోకి లాక్కొచ్చి ఆ చేతులు తిప్పి తిప్పి చూసింది, బజారులో చేప మొప్ప ఎత్తి చూసినట్టు.

"పీటల మీద పెదనాన్న, పెద్దమ్మ కూకుంటారు. నువ్వు ఎనకాల నిలబడు. సేతులు కొంగులో పెట్టుకో" అంది.

"నీళ్ళు పోసీది నాను కదే" అంది అమ్మ.

ఫొటో అంటే జన్మంతా ఉంటుందని అక్క నచ్చజెప్పింది. తల్లి ఉండగా మరొకరు పీటల మీద కూర్చుంటే నలుగురూ అడుగుతారు కదా, దానికీ జవాబు సిద్ధం చేసింది: అమ్మకి ఒంట్లో బాగోలేదని చెప్పాలి. అప్పగింతల్లో అత్తగారి చేతిలో అక్క చెయ్యి పెట్టేది కూడా పెద్దమ్మే. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళని చూశాను. మా అక్క ఏటి మధ్యలోనే అగ్గిపుల్ల గీసింది.

పెళ్ళి రోజు పొద్దున్నే అమ్మ అక్కకి తలంటి నీళ్ళు పోసింది. అప్పటికి ఫొటోగ్రాఫరు రాలేదు కాబట్టి ఆ చేతులు పనికొచ్చాయి. తర్వాత అమ్మ పాత చీర కట్టుకుని, బాక్సులో చద్దన్నం పెట్టుకుని బయల్దేరింది. నేను చూశాను. ఎక్కడికని అడగలేదు, ఆపలేదు.

పీటల మీద పెద్దమ్మ నీళ్ళు పోసింది. ధార సరిగ్గా పడలేదని ఫొటోగ్రాఫరు మళ్ళీ పోయించాడు. అప్పగింతల దాకా అక్కకి అమ్మ గుర్తు రాలేదు. అప్పుడు మాత్రం చుట్టూ చూసి, "అమ్మేదే?" అంది. వెతకమని నన్ను పంపారు.

నేను నేరుగా అమ్మ పనిచేసే పిక్కల బట్టీకే వెళ్ళాను. అమ్మ తన చోట కూర్చుని, చేతులకి బూడిద రాసుకుని, పిక్కలు కొడుతోంది. అక్క రమ్మంటోందని చెప్పాను.

"ఫొటోలు అయిపోనాయా?" అంది తలెత్తకుండా.

అవ్వలేదన్నాను.

"అయినాక వత్తానని సెప్పు."

తిరిగొచ్చి ఆ మాట అలాగే, మగపెళ్ళివారంతా వినేలా చెప్పాను. చెవిలో చెప్పొచ్చు, నాకు బుద్ధి పుట్టలేదు. అమ్మ ఎక్కడుందో, ఏం చేస్తోందో కూడా చెప్పాను. అక్క బావురుమంది. కాటుక కారింది, పెదవులు వంకర పోయాయి. ఫొటోగ్రాఫరు పరుగున దగ్గరికొచ్చి వరసగా నొక్కాడు. నాకు జాలి వెయ్యలేదు. ఇప్పటికీ వెయ్యదు.

ఆల్బమ్ అట్ట మీద పెద్దమ్మ చేతులు రాలేదు. ఆ ఏడుపునే వేశాడు ఫొటోగ్రాఫరు, అంత సహజంగా ఏడ్చిన పెళ్ళికూతుర్ని తను చూడలేదట. పుట్టింటి మీద ఎంత ప్రేమో అని అత్తవారి ఊరు బారువలో అందరూ మెచ్చుకున్నారని, ఆల్బమ్ పట్టుకుని అక్కతో మా ఇంటికొచ్చిన బావ చెప్పాడు. అక్క నేల చూపులు చూసింది.

అమ్మ చేతులు కడుక్కొచ్చి ఆల్బమ్ ఒళ్ళో పెట్టుకుంది. అట్ట మీద అక్క మొహాన్ని చాలాసేపు చూసింది.

"బాగొచ్చినాది" అంది. "నానొచ్చుంటే ఇంత బాగా వచ్చీది కాదు."