రెండు వేళ్లంత జారిన కర్ర

హెలికాప్టర్ మమ్మల్ని దింపి నిమిషం కూడా ఆగలేదు. ఉదయం తొమ్మిది ఇరవై. పదిహేడు వేల అడుగుల ఎత్తు. సున్నాకు ఇరవై డిగ్రీలు కింద చలి. ఏడుగురం, రెండు గుడారాలు, ఒక బంకరు. మూడు నెలల డ్యూటీ. నా సామానులో సికింద్రాబాద్ రాంగోపాల్‌పేట్‌లో కొన్న అల్యూమినియం చేతికర్రల జత ఉంది. మంచులో ఆనుకుని నడిచేవి. మూడు ముక్కలు ఒకదానిలో ఒకటి దూరతాయి, తిప్పితే బిగుసుకుంటాయి. ఆర్మీ మాకిచ్చే చెక్క కర్రలంటే నాకు చిన్నచూపు.

వచ్చిన రోజే వాటిని అందరికీ చూపించి మురిసిపోయాను. రేడియో ఆపరేటర్ నవ్వాడు. అతనిది పద్మారావు నగర్. అక్కడ నాతో తెలుగు మాట్లాడే మనిషి అతనొక్కడే.

"ఏంది మియా, గివి పట్టుకొని పెండ్లికి పోతున్నవా?"

"ఎంత తేలిగ్గున్నయో సూడు. నీ కట్టెల సగం బరువు సుత లేవు."

"తేలికనే. ఆపుతయా మరి?"

దుకాణంలో నేను అడగాల్సిన ప్రశ్న అదే. అడగలేదు. రంగు చూసి కొన్నాను.

మా స్టోర్ హవల్దార్ ఒక పద్ధతి పెట్టాడు. గస్తీకి బయలుదేరే ముందు అందరం వరుసగా నిలబడాలి. ఒక్కొక్కరు తన కర్రను బండ మీద ఆనించి, ఒళ్లంతా దానిపై వేసి మూడుసార్లు నొక్కాలి. ఆగితే "ఠీక్" అనాలి. జారితే ఆ కర్ర స్టోర్‌కు పోతుంది. సాయంత్రం ముక్కలు విడదీసి తుడవాలి కూడా. లోపల తడి గడ్డకడితే బిగింపు పట్టదని ఆయన రోజూ చెప్పేవాడు. నేను మొదటి వారం తుడిచాను. తర్వాత బద్ధకించాను.

నలభై ఒకటో రోజు. ఉదయం ఆరు నలభై. గాలి లేదు. ఎడమ కర్ర నొక్కాను, ఆగింది. కుడి కర్ర నొక్కాను. రెండు వేళ్లంత లోపలికి జారింది. హవల్దార్ అప్పుడు అటు తిరిగి తాడు ముడులు చూస్తున్నాడు. గబగబా బిగించి, మిగతా రెండుసార్లు పైపైన నొక్కి "ఠీక్" అన్నాను. అన్నాళ్లు గొప్పలు చెప్పుకున్న కర్రను అందరి ముందూ పక్కన పెట్టడానికి నామోషీ అడ్డొచ్చింది.

నా తర్వాత ఆపరేటర్. అతని చెక్క కర్ర మొదటి నొక్కుకే చీలిపోయింది. స్టోర్‌లో వేరేది లేదు. నా జతలో ఒకటి ఇస్తానన్నాను. "పరీక్ష అయినదే కదా, తీసుకో" అన్నాడు హవల్దార్ అతనితో హిందీలో. ఏది చేతికొస్తే అది ఇచ్చానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఎడమది ఉంచుకుని కుడిదే ఇచ్చాను.

పదిన్నరకు ఏటవాలు దిగుతున్నాం. అందరికీ ఒకే తాడు. అతను నా ముందు. కిందికి అడుగేస్తూ బరువంతా కర్ర మీద మోపాడు. కర్ర ఒక్కసారిగా పొట్టిదైపోయింది. పదిహేను అడుగులు జారాడు. తాడు ఆపింది కానీ కుడి కాలు బండకు కొట్టుకుని విరిగింది. రేడియో అతని దగ్గరే ఉంది. తనే మాట్లాడాడు.

"ఒక మనిషికి కాలు విరిగింది. హెలికాప్టర్ కావాలి. ఓవర్."

"ఎవరికి? ఓవర్."

"నాకే. ఓవర్."

రెండు రోజులు మబ్బు వీడలేదు. మూడో రోజు తీసుకెళ్లారు. అప్పటికే చలికి చచ్చుబడిందని మోకాలి కింద కాలు తీసేశారు. విచారణలో "మంచు మీద కాలు జారింది" అని రాశారు. సాక్షిగా నేను సంతకం పెట్టాను.

డ్యూటీ ముగిసి సికింద్రాబాద్ వచ్చేశాను. ఇప్పుడు ఉండేది సైనిక్‌పురిలో. మా కాలనీలో కొండలెక్కే సరదా ఉన్నవాళ్లు ఏ కర్ర కొనాలని నన్ను అడుగుతుంటారు. దుకాణంలోనే ఒళ్లంతా వేసి మూడుసార్లు నొక్కి చూడమంటాను, జారితే వెలెంతైనా వదిలేయమంటాను. ఊరందరికీ చెప్పాను. చెప్పాల్సిన ఒక్కడికి చెప్పడానికి పదకొండేళ్లు పట్టింది.

పోయిన నెల పద్మారావు నగర్ వెళ్లాను. అతని భార్య చాయ్ తెచ్చింది.

"జెర చెప్పు అన్నా ఈయనకు. ఇప్పటికి సుత పెట్టుడు కాలుతోని కింద సూడకుంటనే నడుస్తడు. ఆ దినం సూసుకొని కాలు పెడితే ఇంత తక్లీఫ్ ఉండకపోతుండె."

"నిజమే, నాదే గలతీ" అని అతను నవ్వాడు.

నేను చాయ్ కప్పు కింద పెట్టాను.

"నీ గలతీ కాదు భాయ్. నేనిచ్చిన కర్ర జారింది. జారుతదని నాకు పొద్దుగాలనే తెలుసు. తెలిసే ఇచ్చిన."

ఆమె నా వైపు చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. అతను మెల్లగా అన్నాడు.

"లేని కాలును తిట్టుకుంట కూసున్ననే ఇన్నేండ్ల సంది."

ఉండమనలేదు, పొమ్మనలేదు. నేనే లేచాను. చెప్పాల్సింది ఇంకొకటి మిగిలే ఉంది. సిగ్గుతో అది చెప్పకుండానే వచ్చేశాను. ఆ రోజు అందరూ అతని చుట్టూ మూగినప్పుడు నేను పైనే ఉన్నాను. అతను వదిలేసిన కర్ర మంచులో నిటారుగా నిలబడి ఉంది. సగానికి సగం పొట్టిగా, పిడికున్న ఎర్ర పట్టీ అటూ ఇటూ ఊగుతూ. నేను దాన్ని పీకి, పూర్తి పొడవుకు లాగి, బిగించి, మళ్లీ అదే కన్నంలో గుచ్చాను.